వాద్యబృంద నిర్వాహకుడు: సాధన గదిలోనూ, వేదిక మీదా

ఉద్దేశాలు

ఈ పాఠం పూర్తి చేసిన తరువాత మీరు, పెద్ద వాద్యబృందానికి ఎదురుగా నిలబడే నిర్వాహకుని అవసరం ఏమిటో వివరించగలుగుతారు. అతని చేతి సైగకూ మన తాళక్రియకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు. రిహార్సల్‌లోనూ కచేరీలోనూ అతడు చేసే పనిని ఉదాహరణలతో చెప్పగలుగుతారు. రాగసంగీతాన్ని బృందంతో వాయించేటప్పుడు ఎదురయ్యే చిక్కును చర్చించగలుగుతారు.

1. పరిచయం

గణపవరంలోనో నిడమర్రులోనో ఒక పెళ్లికి వెళ్లారనుకోండి. ముహూర్తం దగ్గరపడుతుంది. వధూవరులు జీలకర్ర బెల్లం పట్టుకుని సిద్ధంగా ఉంటారు. పురోహితుడు మంత్రం చదువుతూనే చెయ్యి పైకెత్తి “భజంత్రీలు!” అంటాడు. ఆ క్షణంలోనే సన్నాయి, డోలు, తాళం ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంటాయి. ఈసారి అలాంటి సందర్భం వచ్చినప్పుడు వధూవరులను కాకుండా డోలు వాయించే మనిషిని గమనించండి. అతని చూపు పురోహితుని చేతి మీద ఉంటుంది. చెయ్యి లేస్తుండగానే డోలు పుల్ల కూడా లేస్తుంది. చెయ్యి కదిలే తీరును బట్టే దెబ్బ ఎప్పుడు పడాలో అతనికి తెలిసిపోతుంది. పురోహితునికి సంగీతం రాకపోవచ్చు. అయినా, ఆ ఒక్క క్షణానికి ఆయన చేసింది వాద్యబృంద నిర్వాహకుడు చేసే పనుల్లో మొదటిది.

పాశ్చాత్య సంగీతంలో ఈ నిర్వాహకుణ్ణి కండక్టర్ అంటారు. మనకు ఆ మాట వినగానే తాడేపల్లిగూడెం నుంచి గణపవరం వచ్చే బస్సులో టిక్కెట్లు ఇచ్చే ఆయన గుర్తుకువస్తాడు. పోలిక మరీ అసంబద్ధమైనది కాదు. బండి ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పేది ఆయనే గాని, స్టీరింగు ఆయన చేతిలో ఉండదు. ఈ పాఠంలో మాత్రం ‘నిర్వాహకుడు’ అనే మాటనే వాడుకుందాం. సంగీత దర్శకుడు వేరు, నిర్వాహకుడు వేరు అన్నది కూడా మొదటే గుర్తుంచుకోండి. బాణీ కట్టేవాడు ఒకరు, దాన్ని 50 మంది చేత ఒక్క గొంతుగా పలికించేవాడు మరొకరు కావచ్చు. కొన్నిసార్లు ఇద్దరూ ఒకరే అవుతారు.

వాద్యబృందాన్ని మొదటిసారి చూసిన ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. వేదిక మీద ఉన్నవాళ్లలో శబ్దం చేయనివాడు ఈయన ఒక్కడే. చివర్లో ఎక్కువ చప్పట్లు మాత్రం ఈయనకే. చెయ్యి ఊపినందుకు ఇంత గౌరవమా? ఇది న్యాయమైన ప్రశ్న. ఆ మాటకొస్తే వాద్యకారులు కూడా దీన్ని తరచు అడుగుతూనే ఉంటారు. పాఠమంతా ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని చదవండి.

2. నిర్వాహకుడు ఎందుకు?

మన కచేరీలో నిర్వాహకుడు ఉండడు. గాయకుడు, వయొలిన్, మృదంగం, ఒక్కోసారి ఘటం లేదా కంజీర, వెనుక తంబురా. నలుగురైదుగురు దగ్గర దగ్గరగా కూర్చుంటారు. ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది. గాయకుడు తొడ మీద వేసే తాళం అందరికీ తెలుస్తుంది. పాటకు మించి కల్పన చేసేటప్పుడు కూడా వినికిడితోనే సర్దుకోగలుగుతారు. అలాంటి చోట మధ్యలో ఇంకొకరు నిలబడి చెయ్యి ఊపితే అది అడ్డమే.

కూచిపూడి ప్రదర్శనకు వచ్చేసరికి పరిస్థితి కొంత మారుతుంది. అక్కడ నాట్యం, గానం, మృదంగం, వయొలిన్ అన్నీ ఒక దారిలో నడవాలి. అందుకని సూత్రధారి చేతిలో తాళాలు ఉంటాయి. నట్టువాంగం పట్టే వ్యక్తి ఒక కన్ను నర్తకి పాదాల మీద, ఒక చెవి మృదంగం మీద ఉంచి అందరినీ నడిపిస్తాడు. మన సంప్రదాయంలో నిర్వాహకునికి దగ్గర బంధువు ఎవరైనా ఉన్నారంటే ఆయనే. అయితే ఆయన తాళాలు మోగుతాయి, పాశ్చాత్య నిర్వాహకుని చేతి కర్ర మోగదు.

పెద్ద సింఫనీ బృందంలో 80 నుంచి 100 మంది ఉంటారు. వయొలిన్లు వాయించేవారే 30 మంది దాకా ఉంటారు. వియోలా, చెల్లో, డబుల్ బేస్ ముందు వరుసల్లోనూ, ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ మధ్యలోనూ, హార్న్, ట్రంపెట్, ట్రాంబోన్, టింపనీ వెనుకా ఉంటాయి. ఇంతమంది ఒకరినొకరు విని కలిసి వాయించలేరా? ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డు వస్తుంది. కొల్లేరు వైపు చేపల చెరువు గట్టు మీద నిలబడి, అవతలి గట్టున గుంజ పాతుతున్న మనిషిని చూడండి. సుత్తి పడడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తరువాత వినిపిస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. చెరువు వెడల్పు 170 మీటర్లయితే ఆలస్యం అర సెకను.

ఇప్పుడు 17 మీటర్ల వెడల్పున్న వేదికను ఊహించుకోండి. ఒక చివర వాయించిన స్వరం రెండో చివరకు చేరడానికి సెకనులో 20వ వంతు పడుతుంది. తక్కువే అనిపిస్తుంది. కాని సెకనుకు 10 స్వరాలు దొర్లే వేగంలో అది సగం స్వరం. వెనుక ఉన్న ట్రంపెట్ మనిషి ముందున్న వయొలిన్‌ను విని, దాంతోపాటు వాయిద్దామనుకుంటే శ్రోతకు వెనకబడినట్టే వినిపిస్తుంది. చెవిని నమ్మితే ఆలస్యం తప్పదు. వెలుతురుకు ఆ ఇబ్బంది లేదు. అందుకే అందరికీ కనిపించే చోట ఒక చెయ్యి కావలసి వచ్చింది.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో లుల్లీ అనే స్వరకర్త పొడుగాటి కర్రతో నేల మీద కొడుతూ లయ చూపేవాడు. 1687లో అలా కొడుతుండగా కర్ర కాలి వేలికి తగిలి, గాయం కుళ్లి మరణించాడు. ఈ వృత్తి చరిత్రలో ఇంత విచిత్రమైన ప్రమాదం మరొకటి లేదు. ఆ తరువాత చాలాకాలం మొదటి వయొలిన్ వాయించేవాడో, కీబోర్డు దగ్గర కూర్చున్నవాడో బృందాన్ని నడిపేవాడు. బృందాలు పెద్దవై, రచనలు క్లిష్టమయ్యేకొద్దీ వాయిస్తూ నడపడం కుదరలేదు. 1824 మే 7న వియన్నాలో బేతోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు, అప్పటికే వినికిడి కోల్పోయిన స్వరకర్త వేదిక మీద నిలబడి చేతులు ఊపాడు. వాద్యకారులు మాత్రం ముందే చెప్పుకున్న ప్రకారం మిఖాయెల్ ఉమ్లౌఫ్‌ను చూసి వాయించారు. బృందానికి కావలసింది రచన చేసిన మనిషి చెయ్యి కాదు, తమ శబ్దాన్ని వింటున్న మనిషి చెయ్యి అని ఆ సాయంత్రం చెబుతుంది. 1835 నుంచి లైప్‌జిగ్‌లో మెండెల్‌సన్ చేతిలో చిన్న కర్రతో బృందాన్ని నడిపిన తీరు, తరువాతివారికి నమూనా అయింది.

3. చెయ్యి చెప్పే మాట

నాలుగు దెబ్బల గతికి నిర్వాహకుని కుడిచెయ్యి కిందికి, ఎడమకు, కుడికి, పైకి కదులుతుంది. మూడు దెబ్బలైతే కిందికి, కుడికి, పైకి. ఇంతవరకు అరగంటలో నేర్చుకోవచ్చు. మీరు ఆదితాళం వేయగలిగినవారైతే ఇంకా త్వరగా వస్తుంది. కాని ఇక్కడే విద్యార్థులు పొరబడే ఒక విషయం ఉంది.

మన తాళం, వచ్చిన దెబ్బను గుర్తిస్తుంది. ఆదితాళంలో ఒక ఘాత, మూడు వేళ్ల లెక్క, తరువాత రెండుసార్లు ఘాత, విసర్జితం. ఈ 8 అక్షరాల ఆవృతంలో మనం ఎక్కడున్నామో చెయ్యి చెబుతుంది. అది అందరూ కలిసి ఒప్పుకున్న కాలానికి కొలబద్ద. నిర్వాహకుని చెయ్యి రాబోయే దెబ్బను ముందే చెబుతుంది. దెబ్బ పడేముందు పైకి లేచే కదలికలోనే వేగం ఎంత, శబ్దం పెద్దదా చిన్నదా, మొదలు మెత్తగా ఉండాలా కరుకుగా ఉండాలా అన్నీ ఉండాలి. చెయ్యి కిందికి వచ్చేసరికి ఆలస్యం అయిపోయినట్టే, ఎందుకంటే అప్పటికి 90 మంది వాయించేశారు. ఇందాక చూసిన పెళ్లిలో డోలు మనిషి పుల్ల ఎత్తింది పురోహితుని చెయ్యి లేస్తుండగా అని గుర్తుచేసుకోండి.

ఈ ముందస్తు సైగ ఎంత కీలకమో బేతోవెన్ అయిదో సింఫనీ ప్రారంభంలో తెలుస్తుంది. అది దెబ్బ మీద మొదలుకాదు. ఒక చిన్న మౌనం, వెంటనే మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. మన భాషలో చెప్పాలంటే అనాగత ఎడుపు. ఆ మౌనాన్ని చేత్తో చూపించాలి. లేనిదాన్ని చూపించడం కనుక, అనుభవం ఉన్న నిర్వాహకులు కూడా ఆ ఒక్క క్షణాన్ని ఎన్నోసార్లు అభ్యాసం చేస్తారు.

ఎడమచెయ్యి పని వేరు. ఫలానా వాద్యం ప్రవేశించే సమయమైందని అది చూపుతుంది. శబ్దాన్ని పెంచమంటుంది, తగ్గించమంటుంది, ఒక స్వరాన్ని ఇంకాస్త సాగదీయమంటుంది. కుడిచెయ్యి చేసిందే ఎడమచెయ్యి కూడా అద్దంలో బొమ్మలా చేస్తుంటే అది కొత్తవాడి గుర్తు. ఇక కళ్లు. 60 ఆవృతాలు మౌనంగా లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఓబో వాద్యకారునికి తన వంతు రాగానే నిర్వాహకుడు తన వైపు చూస్తే లెక్క సరిగ్గానే ఉందని ధైర్యం వస్తుంది. చెయ్యి కంటే ఆ చూపే ముఖ్యమని చెప్పే వాద్యకారులు ఎక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

అ) 34 మీటర్ల దూరంలో ఉన్న ఇద్దరు వాద్యకారుల మధ్య శబ్దం చేరడానికి ఎంత సమయం పడుతుంది? ఆ ఆలస్యం బృందవాద్యాన్ని ఎలా దెబ్బతీస్తుంది?
ఆ) తాళం వేసే చేతికీ నిర్వాహకుని చేతికీ ఉన్న ముఖ్యమైన తేడాను నాలుగు వాక్యాల్లో రాయండి.

4. కాగితంతో మొదలు

బృందంలో ప్రతి ఒక్కరి ముందూ తన వాద్యానికి సంబంధించిన స్వరపత్రం మాత్రమే ఉంటుంది. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో అందులో ఉండదు. అన్ని వాద్యాల వరుసలూ ఒకదాని కింద ఒకటిగా ఉండే సంపూర్ణ పత్రం నిర్వాహకుని దగ్గరే ఉంటుంది. దాన్ని స్కోరు అంటారు. ఒక పుటలో 20కి పైగా వరుసలు ఉండవచ్చు. కళ్లతో వాటిని పై నుంచి కిందికి చదువుతూ, అన్నీ కలిస్తే వచ్చే శబ్దాన్ని మనసులోనే వినగలగాలి.

ఈ చదువు రిహార్సల్‌కు వారాల ముందు, కొత్త రచనైతే నెలల ముందు మొదలవుతుంది. రచన ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, ఎక్కడ శిఖరానికి చేరుతుంది, ఒకేసారి మూడు వరుసలు పలికేటప్పుడు శ్రోతకు ముందుగా వినిపించవలసింది ఏది అని నిర్ణయించుకోవాలి. స్వరపత్రాల్లో తప్పులుంటే ఇప్పుడే పట్టుకోవాలి. కొన్ని వాద్యాల రాత పద్ధతి వేరుగా ఉంటుంది. మన బ్యాండు మేళాల్లో కనిపించే మామూలు క్లారినెట్టునే తీసుకోండి. దాని కాగితంలో రాసిన స్వరం కంటే వినిపించేది ఒక పూర్తి స్వరం తక్కువగా ఉంటుంది. నిర్వాహకుడు చదువుతూనే ఆ లెక్క మనసులో వేసుకోవాలి.

ఇటలీకి చెందిన టోస్కనీని చూపు మందం కారణంగా స్కోర్లను కంఠస్థం చేసేవాడు. 1886లో రియో డి జనీరోలో ఒక ఒపెరా బృందంలో చెల్లో వాయించే 19 ఏళ్ల కుర్రవాడిగా ఉన్నప్పుడు, గొడవ జరిగి నిర్వాహకుడు లేకుండాపోయిన రాత్రి, అతన్ని ముందుకు తోశారు. ‘ఆయిదా’ ఒపెరా మొత్తాన్నీ కాగితం చూడకుండా నడిపాడు. అదృష్టం అనుకోవచ్చు. కాని చెల్లో వాయిస్తూనే మిగతా వాద్యాలన్నీ ఏం వాయిస్తున్నాయో అతడు అంతకుముందే నేర్చుకుని ఉన్నాడు.

5. రిహార్సల్ గది

నిర్వాహకుని అసలు ఉద్యోగం ఇక్కడ ఉంది. కచేరీలో మనం చూసేది ఇక్కడ కూడబెట్టిన దాని ఖర్చు మాత్రమే.

ఐరోపా, అమెరికా బృందాల్లో ఒక కచేరీకి సాధారణంగా మూడు నాలుగు రిహార్సల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి రెండున్నర నుంచి మూడు గంటలు, మధ్యలో విరామం. సమయం దాటితే అదనపు వేతనం ఇవ్వాలి. ఒక లెక్క వేద్దాం. నిర్వాహకుడు ఆలోచించుకుంటూ ఒక నిమిషం వృథా చేస్తే, 90 మంది బృందంలో 90 నిమిషాలు, అంటే గంటన్నర మనిషి పని వృథా అయినట్టు. నాట్లకు పిలిచిన కూలీలను గట్టు మీద కూర్చోబెట్టి నారు కోసం వెతుక్కునే రైతు పరిస్థితి ఇదే. 1922లో మాస్కోలో ‘పెర్సిమ్‌ఫాన్స్’ అనే బృందం నిర్వాహకుడే వద్దనుకుని, అందరూ చర్చించుకుని నిర్ణయాలు తీసుకుంటూ దాదాపు పదేళ్లు కచేరీలు చేసింది. బాగానే వాయించారు. అంటే నిర్వాహకుడు లేకుండా సంగీతం అసాధ్యం కాదు. కాని వాళ్లకు మామూలు బృందాల కంటే చాలా ఎక్కువ రిహార్సల్స్ కావలసివచ్చాయి. పరిచయంలో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉంది. నిర్వాహకునికి ఇచ్చే వేతనంలో పెద్ద భాగం అతడు మిగిల్చే కాలానికి.

రిహార్సల్ మొదలయ్యే ముందు ఓబో ఒక స్వరం పట్టుకుంటుంది, మిగతావాళ్లు దానికి శ్రుతి చేసుకుంటారు. నిర్వాహకుడు రెండు మాటలు చెప్పి చెయ్యి ఎత్తుతాడు. అనుభవజ్ఞుడు మొదట ఆపకుండా చివరిదాకా వాయించనిస్తాడు. తప్పులు వినిపిస్తూనే ఉంటాయి. వాటిలో సగం, వాయించినవాడికే తెలిసి, రెండోసారి వాటంతట అవే పోతాయి. మిగిలినవాటినే మనసులో గుర్తు పెట్టుకుంటాడు. ప్రతి తప్పుకూ ఆపే నిర్వాహకుణ్ణి ఏ బృందమూ ఇష్టపడదు. లెక్కల క్లాసులో ప్రతి అంకెకూ దిద్దే మాస్టారిలా, చివరికి అసలు లెక్క ఏమిటో అందరూ మరిచిపోయేలా చేస్తాడు.

ఆపిన తరువాత మాట్లాడే పద్ధతి కూడా ఒక విద్యే. ముందు ఎవరితో మాట్లాడుతున్నాడో చెప్పాలి, తరువాత ఎక్కడ, ఆ తరువాత ఏమిటి. “రెండో వయొలిన్లు, 84వ ఆవృతం, కమాను పొట్టిగా” అంటే చాలు. ముందు విషయం చెప్పి చివర్లో ఎవరికో చెబితే, మిగతా 80 మంది అదంతా తమకేనేమోనని విని, మళ్లీ అంతా చెప్పించుకుంటారు. కవిత్వం కూడా తక్కువ ఉండాలి. “వెన్నెలలా వాయించండి” అంటే వాద్యకారులు నోటుపుస్తకాల్లో ఏమని రాసుకోవాలి? “కొంచెం నెమ్మదిగా, కమాను చివరి భాగంతో” అంటే అర్థమవుతుంది. అయితే ఎంతకూ పలకని చోట సరైన ఉపమానం ఒక్కటి పడితే 20 నిమిషాల పని ఒక్క నిమిషంలో అవుతుంది. ఎప్పుడు ఏది వాడాలో పుస్తకాలు చెప్పలేవు.

వయొలిన్ కమాను పైకి లాగాలా కిందికి లాగాలా అన్నది వయొలిన్ల పెద్ద నిర్ణయిస్తాడు. ఆయన మొదటి బల్లలో, నిర్వాహకుని ఎడమ పక్కన కూర్చుంటాడు. ఈ ఇద్దరి మధ్య సఖ్యత లేకపోతే బృందమంతటికీ తెలిసిపోతుంది. శబ్దాల తూకం చూడడం మరో పని. ట్రాంబోన్ మనిషి తన దగ్గర వినిపించేదాన్ని బట్టి మెల్లగానే వాయిస్తున్నాననుకుంటాడు. హాలులో పదో వరుసలో కూర్చున్నవారికి అది ఫ్లూట్‌ను ముంచేస్తుంది. అందుకని నిర్వాహకుడు కొద్దిసేపు సహాయకునికి కర్ర ఇచ్చి, హాలు వెనక్కి నడిచివెళ్లి వింటాడు. ఖాళీ హాలు ఎక్కువ మోగుతుంది. జనం నిండితే వారి బట్టలు, శరీరాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఆ తేడాను కూడా ముందే ఊహించుకోవాలి.

నిర్వాహకుడు కేకలు వేస్తేనే బృందం మాట వింటుందని ఒక పాత నమ్మకం ఉంది. టోస్కనీని రిహార్సల్స్‌లో కోపంతో అరచిన రికార్డింగులు కూడా దొరుకుతాయి. ఆయన గొప్ప నిర్వాహకుడే, సందేహం లేదు. కాని కేకల వల్లే గొప్పవాడయ్యాడని అనుకోవడం తప్పు. భయపడిన మనిషి తప్పు వాయించకుండా చూసుకుంటాడు, అంతకు మించి ఇవ్వడు. పైగా గాలివాద్యాలు వాయించేవారికి భయం మొదట ఊపిరి మీదే ప్రభావం చూపుతుంది.

6. గమకం చిక్కు: మన బృందాల అనుభవం

ఇదంతా పరాయి సంగీతానికి సంబంధించిన సంగతి అనుకోకండి. 20వ శతాబ్దంలో తెలుగువారు ఈ పనిలో రెండు చోట్ల కనిపిస్తారు. ఒకటి మద్రాసు సినిమా రికార్డింగు థియేటర్లు, రెండోది ఆకాశవాణి.

ఆనాటి రికార్డింగులో గాయకులు, వాద్యకారులు అందరూ ఒకేసారి పాడి వాయించవలసిందే. ఒక్కరు తప్పినా పాట మళ్లీ మొదటినుంచి. సంగీత దర్శకుడే గాయకుడైతే ఇబ్బంది రెట్టింపు. మైకు ముందు నిలబడిన మనిషి బృందం వైపు చేతులు ఊపలేడు. ఘంటసాల వంటివారికి పట్రాయని సంగీతరావు, జె.వి. రాఘవులు వంటి సమర్థులైన సహాయకులు ఎందుకు అవసరమయ్యారో దీన్ని బట్టి ఊహించవచ్చు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ ఇంకో మంచి ఉదాహరణ. ఆ చిత్రంలో నాలుగు పాటలకు బాణీలు కట్టి సాలూరి రాజేశ్వరరావు తప్పుకున్నారు. వాటికి వాద్యరచన సమకూర్చి, బృందంతో రికార్డు చేసి, మిగతా సంగీతం కూర్చినవారు ఘంటసాల. ఆ పాటలు విన్నప్పుడు బాణీ ఎవరిది, అది పలికిన తీరు ఎవరిది అని విడదీసి వినే ప్రయత్నం చేయండి.

ఆకాశవాణి 1952లో ఢిల్లీలో ‘వాద్యవృంద’ పేరుతో జాతీయ వాద్యబృందాన్ని ఏర్పాటు చేసింది. హిందుస్తానీ వైపు పండిత రవిశంకర్, కర్ణాటక సంగీతం వైపు టి.కె. జయరామ అయ్యర్ దాన్ని నడిపారు. 1956లో వేణువాద్య విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ నిర్వాహకుడిగా వచ్చారు. ఆ తరువాతి కాలంలో ఆ బృందానికి స్వరరచన చేసి నడిపినవారిలో మన గోదావరి సీమవారు, 1922లో ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఉన్నారు. అంతకుముందు ఆయన మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు. వీణ చిట్టిబాబు ఆయన శిష్యుడే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పటి నుంచి రేడియోను ఇంట్లో మనిషిలా చూసుకున్న మన జిల్లాల శ్రోతలకు వాద్యబృంద కార్యక్రమాలు కొత్త కాదు. వాటి వెనుక ఎంత తర్జనభర్జన ఉండేదో మాత్రం రేడియోలో వినిపించదు.

సమస్య ఇది. పాశ్చాత్య బృందంలో 16 మంది వయొలిన్లు ఒక స్వరాన్ని పలకాలంటే ఆ స్వరం ఎక్కడుందో అందరికీ తెలుసు. మన తోడి రాగంలో గాంధారాన్ని తీసుకోండి. అది ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఎంత దూరం ఊగాలి, ఎంత వేగంగా, ఎన్నిసార్లు అన్నది గురువును బట్టి, బాణీని బట్టి, ఆ క్షణపు మనోధర్మాన్ని బట్టి మారుతుంది. ఒక్క విద్వాంసుడు వాయిస్తే అదే దాని అందం. 16 మంది 16 రకాలుగా ఊపితే వినేది గాంధారం కాదు, తేనెటీగల గుంపు. అందరి చేతా ఒకే ఊపు ఊపిస్తే శుభ్రంగానే ఉంటుంది గాని, అది అచ్చులో పోసిన గమకం అవుతుంది. బృందవాద్యం వల్ల రాగం చచ్చిపోతుందని కొందరు సంప్రదాయవాదులు ఆక్షేపించడానికి మూలం ఇదే. ఆ ఆక్షేపణను ఛాందసమని కొట్టిపారేయడం సరికాదు.

దీనికి నిర్వాహకుని ముందు కొన్ని దారులున్నాయి. మోహన, హంసధ్వని వంటి, స్వరాలు ఎక్కువగా నిలకడగా ఉండే రాగాలను బృందం మొత్తానికీ ఇవ్వవచ్చు. అవి గుంపుకు లొంగుతాయి, తోడి లొంగదు. గమకం దట్టంగా ఉన్న సంచారాన్ని ఒక్క వీణకో వేణువుకో అప్పగించి, మిగతావారి చేత కింద నిలకడ స్వరాలు పట్టించవచ్చు. మూడోది కష్టమైన దారి. కాగితం పక్కన పెట్టి, నిర్వాహకుడు ఆ సంచారాన్ని నోటితో పాడి వినిపిస్తాడు. అందరూ విని, అనుకరించి, మళ్లీ వాయిస్తారు. ఒకటికి పదిసార్లు ఇలా జరిగితే గమకం కాగితంలో కాకుండా చెవిలో నాటుకుంటుంది. స్వరలిపిలో గమకాన్ని పూర్తిగా రాయడం సాధ్యం కాదు కనుక, మన బృందంలో నిర్వాహకుడు పాడగలిగినవాడై ఉండడం దాదాపు తప్పనిసరి. నా దృష్టిలో మూడో దారిలోనే బృందవాద్యానికి భవిష్యత్తు ఉంది, కాని దానికి కావలసినన్ని రిహార్సల్ గంటలను భరించే సంస్థలు తక్కువ.

రెండు సంప్రదాయాలవారు కలిసి కూర్చున్న బృందంలో మాటలతో కూడా తంటానే. కర్ణాటక సంగీతంలో శుద్ధ రిషభం అంటే షడ్జం పక్కనే ఉండే తక్కువ రిషభం. హిందుస్తానీలో శుద్ధ రిషభం అంటే మనం చతుశ్రుతి అనే, దానికంటే పై రిషభం. నిర్వాహకుడు “ఇక్కడ శుద్ధ రిషభం” అన్నాడంటే సగం బృందం ఒకటి, సగం బృందం మరొకటి వాయిస్తుంది. ఎవరూ తప్పు చేయలేదు! మన మోహనకు వారు భూప్ అంటారు, హిందోళానికి మాల్‌కౌన్స్. రాగమూర్తి దగ్గరే అయినా నడక వేరు. ఇలాంటి చోట నిర్వాహకుడు సగం సంగీతజ్ఞుడు, సగం దుబాసీ.

7. కచేరీ రాత్రి

నిర్వాహకుడు వేదిక మీదికి వచ్చి, వయొలిన్ల పెద్దతో కరచాలనం చేసి, బృందం వైపు తిరుగుతాడు. శ్రోతలకు అతని వీపు మాత్రమే కనిపిస్తుంది. చెయ్యి ఎత్తి, మొదటి స్వరానికి ముందున్న నిశ్శబ్దాన్ని రెండు క్షణాలు పట్టి ఉంచుతాడు. ఇక నోటితో చెప్పడానికి వీల్లేదు. రిహార్సల్‌లో చెప్పిన ప్రతి మాటకూ ఇప్పుడు ఒక చిన్న సైగ గుర్తుగా ఉంటుంది. మూడో రోజు 20 నిమిషాలు సాధన చేసిన చోటికి రాగానే ఒక్క కనుబొమ్మ కదిపితే చాలు.

కచేరీలో అనుకోనివి జరుగుతాయి. ఒక హార్న్ వాద్యకారుడు ఒక ఆవృతం ముందే ప్రవేశిస్తాడు. అప్పుడు నిర్వాహకుడు అతని వైపు కోపంగా చూడడు. చూస్తే పక్కవాళ్లు కూడా తడబడతారు. తన దెబ్బను మరింత స్పష్టంగా, పెద్దగా వేసి, తరువాతి ప్రవేశాన్ని గట్టిగా చూపిస్తాడు. దారి తప్పినవాడు అక్కడ కలుస్తాడు. ఏకవాద్యకారుడు బృందంతో వాయించే రచనలో నాయకత్వం చేతులు మారుతుంది. పియానో వాయించే మనిషి అకస్మాత్తుగా వేగం పెంచితే, నిర్వాహకుడు అతని భుజం కదలికను బట్టి ముందే పసిగట్టి 80 మందిని వెంట తీసుకువెళ్లాలి. రవిశంకర్ సితార్ కోసం రాసిన రెండో కాన్చెర్టోను 1981లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో జుబిన్ మెహతా నడిపినప్పుడు, స్వరపత్రం చూసి వాయించే బృందానికీ మనోధర్మంతో వాయించే విద్వాంసునికీ మధ్య వంతెన వేయవలసినవాడు ఆయనే.

చివర్లో చప్పట్లు మొదలయ్యాక నిర్వాహకుడు ఏం చేస్తాడో చూడండి. మంచివాడైతే ముందుగా బృందంలోకి చెయ్యి చూపి, ఇందాక ఒంటరిగా వాయించిన ఓబో మనిషిని నిలబెడతాడు, తరువాత హార్న్, తరువాత బృందమంతా.

8. ఈ వృత్తిలోకి దారి

జుబిన్ మెహతా 1936లో బొంబాయిలో పుట్టారు. తండ్రి మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీ బృందాన్ని స్థాపించారు. 1954లో వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదువుకున్నారు. అక్కడ గొప్ప నిర్వాహకుల రిహార్సల్స్ చూడాలంటే బయటివారిని రానిచ్చేవారు కాదు. అందుకని ఆయన, తోటి విద్యార్థి అబ్బాడో కలిసి గాయకబృందంలో చేరిపోయారు. పాడుతూ నిలబడి, కరాయన్ వంటివారి చేతులను ఎదుటి నుంచి చూశారు. తరువాత మాంట్రియల్, లాస్ ఏంజెలెస్ బృందాలను ఒకే కాలంలో నడిపారు. ఇలాంటి నిర్వాహకుని జీవితంలో సగం విమానాశ్రయాల్లోనే గడుస్తుంది. అతిథి నిర్వాహకుడైతే నాలుగు రోజుల్లో కొత్త బృందాన్ని పరిచయం చేసుకుని, కచేరీ చేసి, వెళ్లిపోవాలి. శాశ్వత సంగీత నిర్దేశకుడైతే ఏడాది కార్యక్రమాల ఎంపిక, కొత్త వాద్యకారుల పరీక్షలు, విరాళాల కోసం విందులు కూడా అతని మెడకే. చాలాకాలం పురుషులకే పరిమితమైన ఈ స్థానంలోకి స్త్రీలు రావడం ఆలస్యమైంది. 2007లో బాల్టిమోర్ బృందం బాధ్యత తీసుకున్న మారిన్ ఆల్సోప్, అమెరికాలోని ఒక పెద్ద బృందానికి సంగీత నిర్దేశకురాలైన మొదటి మహిళ. మన దేశంలో 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఈ రంగంలో ముఖ్యమైన బృందం.

నమూనా ప్రశ్నలు

1. “కచేరీ అంటే రిహార్సల్‌లో కూడబెట్టిన దాని ఖర్చు.” ఈ అభిప్రాయాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. తోడి గాంధారం ఉదాహరణగా, రాగసంగీతాన్ని పెద్ద బృందంతో వాయించడంలో ఉన్న ఇబ్బందులను చర్చించండి. పాఠంలో చెప్పిన మూడు మార్గాల్లో మీరు దేన్ని సమర్థిస్తారు? కారణాలు రాయండి.
3. మీ ఊరిలోని సన్నాయి మేళాన్ని, బ్యాండు మేళాన్ని, భజన బృందాన్ని లేదా చర్చి గాయకబృందాన్ని ఒకసారి సాధన సమయంలో గమనించండి. అందరూ ఒకేసారి మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఎవరు, ఏ సైగ చేస్తున్నారో గుర్తించి ఒక పుటలో రాయండి.